బరకాలు అడిగిన రోజు

నా చిన్నప్పుడు జరిగిన సంగతుల్లో మనవలకు చెప్పుకునేవి చాలా ఉన్నాయి. పంట కాలవలో కొట్టుకుపోయి తాటి దుంగ పట్టుకుని బతకడం, బడి ఎగ్గొట్టి తీర్థానికి వెళ్లి మాస్టారికే ఎదురుపడటం, మా నాయనమ్మ ఉట్టి మీద దాచిన జున్ను ఊడ్చేయడం, ఇవన్నీ వాళ్లకు కంఠతా వచ్చు. ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. తను మంచిపిల్లగా కనిపించని కథ ఎవరు చెప్పుకుంటారు గనక? డెబ్బై దగ్గరపడ్డాక ఇప్పుడు కొంచెం మొండి ధైర్యం వచ్చింది.

రామచంద్రపురానికి నాలుగు కోసుల దూరంలో కాలవ గట్టున మా ఊరు. అప్పట్లో మా వీధిలో ఉన్నవన్నీ పెంకుటిళ్లూ తాటాకిళ్లే. వీధి మొత్తానికి ఒకే ఒక్క డాబా, అదీ మా తాతయ్య పెత్తండ్రి కొడుకుది. ఆయన రోజూ సాయంత్రం ఆ డాబా ఎక్కి, చేతులు వెనక్కి కట్టుకుని, అందరి పెంకుల మీదుగా చూస్తూ పచార్లు చేసేవాడు. చల్లగాలి కోసమే ఎక్కేవాడేమో నాకు తెలీదు. మా తాతయ్యకు మాత్రం ఆయన తన నెత్తి మీద నడుస్తున్నట్టే ఉండేది. రెండేళ్లు ఓర్చుకుని, మూడో ఏడు మా ఇంటి పక్కనున్న ఖాళీ జాగాలో డాబా మొదలుపెట్టారు. అంతకు మించి పెద్ద కారణమేమీ లేదు. మా పాత ఇల్లు చక్కగానే ఉండేది.

మా తాతయ్య చెడ్డమనిషి కాదు. పదెకరాల ఆసామి. పొలం పని ఆయనకు తెలిసినట్టు మా ఊళ్లో ఇంకొకరికి తెలీదు. చిక్కేమిటంటే, పొలం తెలుసు కాబట్టి అన్నీ తెలుసనుకునేవారు. వైద్యం తెలుసు, కోర్టు వ్యవహారం తెలుసు, రేడియో బాగుచేయడం తెలుసు. ఆయన బాగుచేశాక మా రేడియో ఒకే ఒక్క స్టేషను పలికేది, అదీ గురగురమంటూ. ఆయన మాటకు ఎదురు చెప్పడమన్నది మా ఇంట్లో లేదు. పిల్లల తండ్రులైన మా నాన్నా, బాబాయిలూ కూడా ఆయన ముందు కూర్చునేవారు కాదు.

ఆ డాబా కట్టడానికి కుదిరింది పక్క పేట మేస్త్రీ. మా ఇంట్లో అందరూ ఆయన్ని 'వాడు' అనేవారు, నేనూ అలాగే అనేదాన్ని. ఇప్పుడు రాస్తూ 'ఆయన' అంటున్నాను. ఈ మర్యాద ఆయనకు ఏ రకంగానూ పనికిరాదని నాకు తెలుసు. అప్పటికి నలభై ఏళ్లుంటాయేమో. బక్కపలచని మనిషి, సున్నానికీ సిమెంటుకీ అరచేతులు పగిలి ఉండేవి. మాట తక్కువ. చుట్టుపక్కల ఊళ్లలో గుడి ప్రాకారమైనా, బడి గోడైనా, నూతి చప్టా అయినా ఆయన చెయ్యి పడాలనేవారు.

పునాదులు తీసినప్పటి నుంచి, బడి వదలగానే నేను పోయేది అక్కడికే. ఆయన గోడకు దారం కట్టిన ఇనుప గుండు వేలాడదీసి, "పాపగారూ, మీయి లేత కళ్లండి. వంకరేమన్నా ఉందేమో చూసి చెప్పండి" అనేవాడు. వంకర ఎప్పుడూ ఉండేది కాదు. అయినా నేను ఒక కన్ను మూసి, అటూ ఇటూ చూసి, బాగుందని చెప్పాకే పై వరస పెట్టేవాడు. పదేళ్ల పిల్ల మాట కోసం ఒక పెద్దమనిషి పని ఆపి నిలబడటం నాకెంత గొప్పగా ఉండేదో చెప్పలేను. మా ఇంట్లో నన్నెవరూ ఏమీ అడిగేవారు కాదు. పిలిచి పని చెప్పేవారు, అంతే.

ఆశ్వయుజం వచ్చేసరికి గోడలు కప్పు ఎత్తుకు లేచాయి. ఇక స్లాబు వేయాలి. మా వైపు ఇల్లు కట్టేవాళ్లకు ఆశ్వయుజం, కార్తీకం రెండు నెలలూ గండమే. వానాకాలం పోయిందని అందరూ అనుకుంటారు. ఎండ తెల్లగా కాస్తుంది, ఆకాశం కడిగి బోర్లించిన పళ్లెంలా ఉంటుంది. అంతలో సముద్రంలో ఎక్కడో వాయుగుండం పుడుతుంది, నాలుగు రోజులు ముసురు పట్టి వదలదు. పెట్టిన గోడ ఆరదు, పూసిన పూత నిలవదు, ఇటుకలు నీళ్లు పీల్చి బరువెక్కి కూర్చుంటాయి. పైగా అప్పట్లో సిమెంటు పర్మిట్టు మీద దొరికేది. తాలూకాఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి తెచ్చుకున్న బస్తాలు ఆ చెమ్మగాలికి ఎక్కడ గడ్డకడతాయోనని, మా తాతయ్య వాటిని తన పట్టెమంచం మీద పేర్పించి, తను అరుగు మీద పడుకునేవారు. "ఇన్నేళ్ల కాపురంలో నాకు రాని పట్టెమంచం సిమెంటుకొచ్చింది" అని మా నాయనమ్మ దెప్పేది.

మార్గశిరం దాకా ఆగుదామన్నాడు మేస్త్రీ. అప్పటికి సముద్రం సద్దుమణుగుతుంది, గాలి పొడిబారుతుంది, బస్తాలు పాడవకుండా తను చూసుకుంటానన్నాడు. మా తాతయ్య పురోహితుడి చేత పంచాంగం చూపించారు. కార్తీకం నడుమ నుంచి మూఢం. మూఢంలో ఇంటికి కప్పు వేయకూడదు. మూఢం వెళ్లేసరికి పుష్యం, పుష్యం శూన్యమాసం, ఇక మాఘం దాకా మంచి రోజు లేదు. ఆ లోపు సిమెంటు రాయైపోతే, పెత్తండ్రి కొడుకు డాబా మీద నుంచి నవ్వుతాడు. అందుకని మూఢానికి ముందున్న ఆఖరి ముహూర్తం ఖాయం చేశారు. "ముహూర్తం బాగుందండి. గాలే బాలేదండి" అన్నాడు మేస్త్రీ, తల వంచుకుని. గాలీ వానా సంగతి వ్యవసాయం చేసేవాడికి చెబుతున్నావా అని మా తాతయ్య నవ్వేశారు. ఆ మాటతో అది ముగిసిపోయింది.

స్లాబు రోజు పొద్దున్న ఆకాశం నిర్మలంగానే ఉంది. సరుగుడు గుంజల మీద చెక్కలు పరిచి, వాటి మీద ఇనుప చువ్వలు కట్టి అంతా సిద్ధం చేసి ఉంచారు. పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టారు. మొదటి తట్ట కాంక్రీటు మా తాతయ్య, నాయనమ్మ కలిసి పోశారు. ఇరవై మంది కూలీలు, అందులో సగం పైన ఆడవాళ్లు, ఏటవాలు చెక్క మీద వరసగా నిలబడి చేతి నుంచి చేతికి తట్టలు అందించుకోవడం మొదలుపెట్టారు. స్లాబు పూర్తయ్యాక అందరికీ మా ఇంట్లో భోజనాలు. బూరెలు వేగుతున్న వాసన వీధంతా నిండింది. మా తాతయ్య కాసేపు నిలబడి చూసి, కళ్లానికి వెళ్లిపోయారు. ముందుగా పండిన నాలుగెకరాలు కోసి నూర్చారు, ధాన్యం కళ్లంలో ఆరబోసి ఉంది. మా నాన్నా బాబాయిలూ అవతల పొలంలో కోతల దగ్గర ఉన్నారు.

పది గంటలప్పుడు మేస్త్రీ పని ఆపకుండానే తల ఎత్తి తూర్పు వైపు చూశాడు. నేను కూడా చూశాను. మబ్బేమీ కనబడలేదు గానీ, కొబ్బరి మట్టలన్నీ ఒకే వైపుకు ఒరిగి ఉన్నాయి. మరో అరగంటకు ఎండ వెలిసిపోయింది. స్లాబు అప్పటికి మూడో వంతు అయింది. మొదలుపెట్టిన స్లాబు మధ్యలో ఆపకూడదు, ఆపితే అతుకు దగ్గర ఇల్లున్నన్నాళ్లూ కారుతుంది. ఆయన కదలడానికి లేదు. అందుకని నన్ను దగ్గరకు పిలిచాడు.

"పాపగారూ, కాస్త పరిగెత్తుకెళ్లి తాతగారితో చెప్పండమ్మా. ముసురొచ్చేలా ఉంది, బరకాలు రెండు పంపమన్నాడని చెప్పండి. రెండే చాలండి. పని అవగానే కప్పేసుకుంటాను."

బరకం అంటే మా వైపు ధాన్యం తడవకుండా కప్పే పెద్ద టార్పాలిన్. మాకు నాలుగు ఉండేవి, నాలుగూ కళ్లంలోనే ఉన్నాయి. నేను పుంత దారంట రొప్పుకుంటూ పరిగెత్తాను. నాకు పెద్ద పని అప్పజెప్పారన్న గర్వం ఒకటి. కళ్లంలో కూలీలు ధాన్యాన్ని గబగబా కుప్పలు చేస్తున్నారు. నన్ను చూసి మా తాతయ్య గట్టు దగ్గరకు నడిచొచ్చారు. కూలీలు దూరంగా ఉన్నారు, గాలి హోరు ఒకటి. నేను చెప్పింది ఆయనొక్కరే విన్నారు. మాట పొల్లుపోకుండా చెప్పాను, రెండే చాలన్నాడని కూడా చెప్పాను.

మా తాతయ్యకు కోపం రాలేదు. పైగా నవ్వొచ్చింది. "ధాన్యం తడిస్తే మొలకలొస్తాయి. స్లాబు తడిస్తే ఏమొస్తుందే పిచ్చిదానా? రేపట్నుంచి ఎలాగూ దాని మీద నీళ్లు పెట్టాలంటున్నాడుగా, ఆ వానే పెట్టేస్తుంది. కూలి కలిసొచ్చిందనుకోమను, వెళ్లు" అన్నారు.

ఆ మాటలో ఆయనకు తప్పేమీ కనబడలేదని నేను ఇప్పటికీ నమ్ముతాను. స్లాబు గట్టిపడ్డాక దాని మీద మట్టితో చిన్న చిన్న గట్లు వేసి, మళ్లు కట్టి, వారాల తరబడి నీళ్లు నిలబెడతారు. అచ్చం వరిచేనులాగే ఉంటుంది. పెత్తండ్రి కొడుకు డాబాకి అలా కట్టడం మా తాతయ్య చూశారు. చేనుకి నీరు ఎప్పుడు పడినా మంచిదే అనుకునే మనిషి, స్లాబుకీ అంతే అనుకున్నారు. గట్టిపడ్డాక నిలిపే నీళ్లు వేరు, పచ్చిగా ఉండగా కొట్టే వాన వేరు అని ఆయనకు తెలీదు. అడిగితే మేస్త్రీ చెప్పేవాడు. అడగడం ఆయనకు చేతకాదు.

నేను తిరిగొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను, వాన నీళ్లు పెడుతుందన్న మాటతో సహా. మేస్త్రీ నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. తట్టల చప్పుడులో నా మాట ఇంకెవరికీ వినబడలేదు. తర్వాత ఆయన "సరేనమ్మా" అని, ఇంకా తొందరగా కానివ్వమని అందరినీ కేకేశాడు. భోజనానికి కూడా ఎవరూ దిగలేదు. ఆఖరి మూల పూర్తి చేసి, పైన చెక్కతో చదును చేస్తుండగా మొదటి చినుకులు పడ్డాయి. అప్పటికి రెండు దాటింది.

ఆ తర్వాత అరగంట నేను మా పాత ఇంటి చూరు కింద నిలబడి చూశాను. మేస్త్రీ ఖాళీ సిమెంటు గోనెలు పరిపించాడు. తాటాకులు పరిపించాడు. ఆడవాళ్లు తమ ఇళ్లకు పరిగెత్తి ఈతచాపలు తెచ్చారు, వాళ్లు పడుకునే చాపలు. ఈదురుగాలి వాటిని ఒక్కొక్కటే లేపుకుపోయింది. ఆయన కండువా తీసి పరిచాడు, ఎంత పిచ్చితనమో చూడండి, గది మీద కండువా పరవడం. వాన గట్టిపడింది. చెక్కల సందుల్లోంచి సిమెంటు నీళ్లు బూడిదరంగులో ధారలుగా కింద గదుల్లోకి కారి, గుమ్మం దాటి, వీధి కాలవలోకి పోయాయి. పర్మిట్టు మీద తెచ్చి మంచమెక్కించిన సిమెంటంతా నా కాళ్ల పక్క నుంచే పోయింది. మేస్త్రీ మాత్రం దిగలేదు. ఒక మూల ఉన్న చాప మీద కూర్చుని, అదైనా ఎగిరిపోకుండా రెండు చేతులతో నొక్కి పట్టుకున్నాడు. సాయంత్రం దాకా అలాగే ఉన్నాడు. ఆ రోజు బూరెలు ఎవరూ తినలేదు.

ముసురు నాలుగు రోజులు పట్టింది. కళ్లంలో ధాన్యం గింజ తడవలేదు. మా తాతయ్య ఆ సంగతి వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నారు.

మూడు వారాల తర్వాత గుంజలు తీశారు. నడిమి గది కప్పు పొట్టలా కిందికి దిగి ఉంది. పైన గోటితో గీకితే ఇసుక రాలుతోంది, కంకర రాళ్లు బయటపడి పళ్లలా కనిపిస్తున్నాయి. నాలుగు బిందెల నీళ్లు పోసి చూస్తే, నాలుగూ కింద గదిలోకి వచ్చేశాయి. ఊరంతా వచ్చి చూసింది. పెత్తండ్రి కొడుకు కూడా వచ్చి, తల ఎత్తి చూసి, "ఇంట్లో కూర్చునే స్నానం చేసే ఏర్పాటు బాగా చేశావురా తమ్ముడూ" అన్నాడు. మా తాతయ్య మొహం నల్లబడిపోయింది. నేను అంతకు ముందెప్పుడూ ఆయన్ని అలా చూడలేదు.

ఆ సాయంత్రమే మా అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. మేస్త్రీని పిలిపించారు. ఆయన అరుగు కింద నిలబడ్డాడు. తప్పు ఎవరిదో తేలాలి. పని చెడగొట్టాడని తేలితే, మరో ఊళ్లో ఆయన చేతికి తాపీ ఇచ్చేవాడు ఉండడు. అది అక్కడున్న అందరికీ తెలుసు. మేస్త్రీ పెళ్లాం పిల్లనెత్తుకుని వీధి చివర నిలబడి ఉంది.

మా తాతయ్య మాట్లాడింది కొంచెమే. వాన దేవుడి చేతిలో పని, దానికి తను మేస్త్రీని అనడం లేదన్నారు. కానీ వానొచ్చేలా ఉంటే కప్పడానికి ఏదైనా కావాలని ముందే అడగవద్దా అన్నారు. తన దగ్గర నాలుగు బరకాలున్నాయని ఊరందరికీ తెలుసు, ఒక్క కబురు పెడితే ధాన్యం మీదవి లాగి పంపనా అన్నారు. నేను గుమ్మం పక్కన నిలబడి వింటున్నాను. నా చెవులను నేను నమ్మలేకపోయాను. ఆయన అబద్ధం చెప్పడం నేనెప్పుడూ వినలేదు.

మేస్త్రీ నెమ్మదిగా, "కబురు పెట్టానండి. పాపగారితో" అన్నాడు.

అందరి తలలూ నా వైపు తిరిగాయి. మా తాతయ్య కేకలేస్తారనుకున్నాను. వేయలేదు. "దా అమ్మా" అని పిలిచి, పక్కన నిలబెట్టుకుని నా తల మీద చెయ్యి వేశారు. అంతవరకూ ఆయన నా తల మీద చెయ్యి వేసిన గుర్తు నాకు లేదు. పెద్దగా, బరువుగా, వెచ్చగా ఉంది. "చెప్పు తల్లీ, భయం లేదు. బరకాలు కావాలని నువ్వు నాతో వచ్చి చెప్పావా?" అన్నారు. గొంతులో ఎక్కడా తొట్రుపాటు లేదు. కానీ ఆ వేళ్లు నా జుట్టులో బిగుసుకున్నాయి. అది నాకొక్కదానికే తెలిసింది.

నేను మేస్త్రీ వైపు చూశాను. ఆయన నా వైపే చూస్తున్నాడు, గోడ వంకరుందేమో చెప్పమని అడిగి నిలబడ్డప్పటిలాగే. నాకు జాలి వేసింది. జాలి వేసిందన్నది నిజమే. కానీ తల మీద ఉన్న చెయ్యి మా తాతయ్యది. రాత్రికి నేను అన్నం తినాల్సిన ఇల్లు ఆయనది. 'లేదు' అన్న మాట నా నాలుక చివరికి వచ్చేసింది. దాన్ని బయటికి అనడానికి నోరు తెరిచాను.

"వద్దండి బాబుగారూ" అన్నాడు మేస్త్రీ గబుక్కున. "పాపగార్ని అడక్కండి. కంగారులో చెప్పాననుకున్నానండి, చెప్పలేదు. తప్పు నాదేనండి."

ఒక్కసారిగా అందరూ కదిలారు. నా తల మీది చెయ్యి తీసేశారు. మా తాతయ్య "సరే, ఒప్పుకున్నాడు, అక్కడితో వదిలేద్దాం" అని పెద్దమనసు చేసుకున్నారు. నాకేమనిపించిందో దాచకుండా చెప్పాలి. హమ్మయ్య అనిపించింది. సిగ్గు ఆ రోజు రాలేదు, ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది. ఆ రోజు మాత్రం హమ్మయ్య అనుకుని, లోపలికి పోయి మంచినీళ్లు తాగాను.

చెడిన స్లాబుని మేస్త్రీ తన చేతులతోనే పగలగొట్టాడు. ఇరవై రోజులు సమ్మెట చప్పుడు మా ఇంట్లోకి వినిపించింది. ఆ ఇరవై రోజులూ నేను అటు వెళ్లలేదు. మాఘంలో, నిండు ఎండలో, వేరే ఊరి మేస్త్రీ వచ్చి కొత్త స్లాబు వేశాడు. అది బాగా కుదిరింది. గృహప్రవేశానికి ఇల్లు కట్టిన మేస్త్రీకి కొత్త బట్టలు పెట్టడం మా ఆనవాయితీ. పంచెల చాపు ఆ రెండో మేస్త్రీకి పెట్టారు. గోడలన్నీ మొదటి ఆయనవే, ఒక్కటీ వంకర లేదు. నాకు చిలకపచ్చ పట్టుపరికిణీ కుట్టించారు. అక్కకు కుట్టించలేదు, నాకే ఎందుకని అక్క ఏడ్చింది. ఎందుకో నాకు తెలుసు, తాతయ్యకు తెలుసు. మేమిద్దరం ఆ సంగతి ఆయన పోయేదాకా ఒక్కసారీ ఎత్తుకోలేదు. ఆయన మాత్రం ఆ డాబా ఎక్కి ఒక్క సాయంత్రం కూడా పచార్లు చేయలేదు. అది ఆయనకు పడ్డ శిక్ష అనుకుంటే, చాలా చిన్న శిక్ష.

మేస్త్రీకి పడ్డది చిన్నది కాదు. ఊళ్లో ఆయనకు 'వానమేస్త్రీ' అని పేరు పెట్టారు. పిల్లలు వెనకాల పడి మబ్బొచ్చిందని అరిచేవారు. బడి గోడ కూడా ఎవరూ ఆయనకు ఇవ్వలేదు. ఆ ఏడాది తిరక్కుండా సంసారం ఎత్తుకుని రాజమండ్రి వైపు పోయారు. నేను అక్కడ కాలేజీలో చదివే రోజుల్లో, గోదారి గట్టున ఏదో కట్టుబడి జరుగుతుంటే, ఆయన్ని చూశాను. తాపీ పట్టుకుని కాదు, తలపాగా మీద తట్ట పెట్టుకుని, తన కొడుకు వయసు మేస్త్రీ కేకలేస్తుంటే చెక్క ఎక్కుతున్నాడు. దగ్గరకు వెళ్లాలనే అనుకున్నాను. అనుకుంటూనే రోడ్డు దాటి, అవతలి పక్క నుంచి గొడుగు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయాను.

పోయిన కార్తీకంలో రామచంద్రపురంలోని మా ఇంటి మేడ కారడం మొదలైంది. మంచి పనివాడెవరైనా ఉంటే పంపమని మా ఊళ్లో బంధువులకు చెబితే, పాతికేళ్ల కుర్రాడొకడు మోటారు సైకిలు మీద వచ్చాడు. మేడంతా తిరిగి చూసి, సిమెంటు దింపించి, అంతలో ఫోను తీసి చూసుకున్నాడు. "మధ్యాహ్నం వానంటండి అమ్మగారూ. ఇయాళ పెట్టుకుంటే పాడైపోద్దండి. నాలుగు రోజులు ఆగాలండి" అన్నాడు. అలాగే, నువ్వెలా అంటే అలాగే అన్నాను. నేనంత తొందరగా ఒప్పుకోవడం చూసి అతను కొంచెం ఆశ్చర్యపోయాడు. మాటల్లో మాది ఏ ఇల్లో అడిగాడు. చెప్పాను. వాళ్ల తాత ఎవరో అతను చెప్పాడు. వాళ్లమ్మను పెళ్లి చేసి మళ్లీ మా పేట వైపే ఇచ్చారట.

నాలుగో రోజు అతను పనికి వస్తూ వాళ్లమ్మను వెంటబెట్టుకొచ్చాడు. అరవై దాటిన మనిషి, ఆనాడు వీధి చివర తల్లి చంకలో ఉన్న పిల్ల. ఆమె నాన్న, ఆ మేస్త్రీ, పోయి చాలా ఏళ్లయిందట. ఆమె నన్ను తిట్టడానికే వచ్చిందనుకున్నాను. తిడితే పడదామని కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. ఆమె వచ్చీ రావడంతోనే నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"మిమ్మల్ని ఒక్కసారి చూడాలని ఎన్నాళ్ల నుంచో ఉందండి. మా నాన్న ఎప్పుడూ చెప్పేవోడండి. ఊరు ఊరంతా నా మీద పడ్డా, ఆ పాపగారు ఒక్కరే నా కోసం నిజం చెప్పబోయారే, నోరు కూడా తెరిచారే, నేనే ఆపేశాను, చెబితే ఇంట్లో ఆ పిల్లని బతకనిచ్చేవోరు కాదు అనేవోడండి. రాజమండ్రిలో మిమ్మల్ని చూశాడంటండి. కాలేజీకెళ్తున్నారు, గొడుగేసుకుని ఎంత బాగున్నారో అని ఆ రోజు ఇంటికొచ్చి మాకందరికీ చెప్పాడండి. ఆ ఊళ్లో మంచోళ్లు లేరని మేం ఎప్పుడన్నా అంటే మీ పేరే చెప్పేవోడండి."

ఆయన నిజంగా అలా నమ్మాడో, నా మొహంలో ఉన్నది తెలిసి కూడా తన ఇంట్లోవాళ్లకు అలా చెప్పుకున్నాడో నాకు తెలీదు. ఎలా చూసినా తట్టుకోలేను. నమ్మితే, పేరూ పనీ పోగొట్టుకుని ఆయన కాపాడింది ఒక అబద్ధాలకోరు పిల్లని. తెలిసే చెప్పుకుంటే, ఊళ్లో ఒక్క మంచి మనిషైనా ఉండాలని నన్ను అలా తయారు చేసుకున్నాడు. ఆనాటి అరుగు మీది సాయంత్రం తర్వాత, ఎవరు ఎవరి మీద నింద వేస్తున్నా నాకు ముందుగా గుర్తొచ్చేది నా నాలుక చివరి 'లేదు'. స్కూల్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను, ఏ పిల్లనీ పదిమందిలో నిలబెట్టి సాక్ష్యం అడగలేదు. ఆ రోజు నుంచి నాకు మిగిలిన మంచి అంటూ ఉంటే అదొక్కటే.

ఆమె ఇంకా నా చేతులు వదల్లేదు. ఇప్పుడు చెప్పేయొచ్చు అనుకున్నాను. నన్ను కొట్టేవాళ్లు ఎవరూ లేరు, నా తల మీద ఎవరి చెయ్యీ లేదు, వినడానికి ఆమె ఒక్కతే ఉంది. అమ్మా, మీ నాన్న అనుకున్నది నిజం కాదు, ఆ రోజు నేను లేదనే చెప్పబోయాను. ఇంతే మాట. నోరు తెరిచాను కూడా. ఆమె కళ్లనిండా నీళ్లతో నా మొహంలోకి చూస్తోంది.

"కాఫీ తాగుతావా అమ్మా" అని అడిగాను.